ఇంపీరియల్ నైట్ మీద తుప్పు ఎంత, దుమ్ము ఎంత? సలహా కావాలి

కావలి కుంచె (శనివారం రాత్రి)

పెద్దలందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ అంగుళంన్నర సైనికుల బొమ్మలకు మాత్రమే రంగులు వేస్తూ వచ్చిన నేను, వేసవిలో ధైర్యం చేసి వార్‌హామర్ 40,000 ఆటలోని పెద్ద నడిచే యుద్ధయంత్రం, ఇంపీరియల్ నైట్ బొమ్మ పెట్టె తెరిచాను. అది మొన్న కార్తీకంలో పూర్తయింది. కాళ్ళు, నడుము, భుజ కవచాలు, ఆయుధాలు విడివిడిగా ఉంచి రంగులు వేశాను కాబట్టి కుంచె అందని మూల లేకుండా పని సాగింది. ముదురు ఎరుపు, మీగడ తెలుపు కవచాలకు అంచుల్లో ఇత్తడి రంగు వేశాను. అక్కడితో ఆపి ఉంటే ఈ టపా రాయవలసిన అవసరం ఉండేది కాదు.

యుద్ధంలో నలిగిన యంత్రంలా కనిపించాలని భుజ కవచాలకు హెయిర్ స్ప్రే పద్ధతి వాడాను. అడుగున తుప్పు రంగు, దాని మీద వార్నిష్, ఆపైన రెండు పల్చని హెయిర్ స్ప్రే పొరలు, అన్నిటికీ పైన ఎరుపు వేశాను. ఆరాక గోరువెచ్చని నీటితో తడిపి గట్టి కుంచెతో రుద్దితే, ఆవగింజంత రాలవలసిన చోట రంగు బొబ్బలెక్కిన గోడ సున్నంలా పెచ్చులు పెచ్చులుగా ఊడి వచ్చింది. మిగతా ఒళ్ళంతా దానికి సరిపోవాలని స్పాంజి ముక్కతో గోధుమరంగు గీట్లు అద్దాను. అద్దే కొద్దీ ఇంకాస్త అద్దాలనిపించింది. చివరికి ముసురు పట్టిన రోజున మాట్ (మెరవని) వార్నిష్ డబ్బాతో స్ప్రే చేస్తే, బొమ్మంతా బూడిద పూసినట్టు తెల్లగా అయింది.

మా అమ్మ చూసి, "ఏందిరా అబ్బయా, దీన్ని పాత సామాన్లోడికి వేసేయాల్నా?" అని అడిగింది. ఫొటోలు జతచేశాను. మొహమాటపడకుండా చెప్పండి.

సింహపురి సేనాని (శనివారం రాత్రి)

నాకైతే మరీ అంత చెడ్డగా అనిపించలేదు. ఆట బల్ల మీద మూడడుగుల దూరం నుంచి చూసేవాడికి ఇది దెబ్బలు తిన్న యంత్రమని ఇట్టే తెలుస్తుంది. తెల్లబడటం మాత్రం ఘోరం.

ఒంగోలు ఉప్పుకాగితం (ఆదివారం ఉదయం)

కుంచె తమ్ముడూ, ఫొటోలన్నీ పెద్దవి చేసి చూశాను. కవచాలకు వేసిన మొదటి రంగు చాలా నున్నగా, శుభ్రంగా ఉంది. ఆ చేతికి తిరుగులేదు. తప్పు కొలత దగ్గర జరిగింది.

మనం ఆడే బొమ్మల నిష్పత్తి సుమారుగా 1:56 అనుకుందాం. అంటే బొమ్మ మీద ఒక మిల్లీమీటరు గీత, అసలు యంత్రం మీద 56 మిల్లీమీటర్ల వెడల్పు గాయమవుతుంది, రెండంగుళాల పైమాటే. నీ భుజ కవచం మీద ఊడిన పెచ్చులు నాలుగైదు మిల్లీమీటర్లున్నాయి. అసలు యంత్రం మీదైతే ఒక్కొక్కటి అన్నం కంచమంత. కంచాలంత పెచ్చులు ఒకే కవచం మీద ఇరవై కనిపించినప్పుడు, కన్ను ఆ యంత్రాన్ని నలభై అడుగులదిగా ఒప్పుకోదు, రంగూడిన చిన్న బొమ్మగానే లెక్కగడుతుంది. బొమ్మ పెద్దదయ్యే కొద్దీ గీటు సన్నబడాలి. చిన్న సైనికుడి మీద మనం చేసే చేతిపనిని అలాగే పెద్ద బొమ్మకు పెంచి వేయడం వల్ల ఈ చిక్కు వస్తుంది. నా మొదటి పెద్ద ట్యాంకు కూడా ఈ పాపానికే బలైపోయింది.

ఇక పెచ్చులు ఎందుకు లేచాయంటే, నువ్వు పైన వేసింది వయెహో కంపెనీ ఆక్రిలిక్ రంగని ఫొటోలోని సీసాను బట్టి అనుకుంటున్నాను. ఆ రంగు ఆరితే రబ్బరు పొరలా సాగే గుణం ఉంది, అందువల్ల రుద్దినప్పుడు పొడిగా రాలకుండా తోలు వలిచినట్టు వస్తుంది. హెయిర్ స్ప్రే మీదకు తమియా కంపెనీ ఆక్రిలిక్‌ను నీటితో పల్చన చేసి వేస్తే సన్నని రవ్వల్లా రాలుతుంది. పొర పల్చగా ఉండాలి, వేసిన గంటా రెండు గంటల్లోపే రుద్దాలి. మన తీరంలో ముసురు రోజుల్లో హెయిర్ స్ప్రే పొర సరిగా ఆరక జిగటగానే ఉండిపోవడం కూడా నీ విషయంలో జరిగి ఉండవచ్చు.

పెన్నా గట్టు (ఆదివారం మధ్యాహ్నం)

మా నాన్నగారు నెల్లూరు ఆటోనగర్‌లో ముప్పై ఏళ్ళు లారీలకు రంగులు వేశారు. నేను ఆ షెడ్డులోనే పెరిగాను, కాబట్టి ఒక్క మాట చెప్పగలను.

లారీ తలుపు అంచున రంగు లేచిన చోట దగ్గరగా చూడండి. అక్కడ ఒక్క రంగు ఉండదు. బయట పసుపు, దాని అంచున వెంట్రుకవాసి మందంలో లేత పసుపు, అంటే పగిలిన రంగు పొర కొట్టుకుపోయి పల్చబడిన భాగం, దాని లోపల రెడాక్సైడ్ ప్రైమర్ తాలూకు ఇటుక ఎరుపు, నట్టనడుమ మాత్రమే ఇనుము. ఆ ఇనుము కూడా రెండు రకాలు. నిన్న గీసుకున్నదైతే మెరుస్తుంది, నెల దాటినదైతే నల్లగా, గోధుమరంగుగా మారుతుంది. ఈ పొరలు చూపించకుండా పసుపు మీద నేరుగా తుప్పు రంగు అద్దితే అది దెబ్బలా కనిపించదు, బురద చుక్కలా కనిపిస్తుంది. కుంచె గారి ఫొటోలలో నాకు కనిపించినది అదే.

ఆచరణలో చెయ్యవలసింది చాలా తక్కువ. కవచం రంగులో కొంచెం తెలుపు కలిపి, సన్నని కుంచె మొనతో ముందు గీటు గీయాలి. ఆ గీటు లోపల, దాని కింది అంచును వదిలిపెట్టి, నల్ల గోధుమరంగుతో రెండో గీటు వేయాలి. కింది అంచున లేత రంగు మిగిలితే వెలుగు పడిన గాడిలా తోస్తుంది. పది గీట్లకు గంట పడుతుంది, కానీ స్పాంజితో అద్దిన వంద చుక్కల కంటే ఆ పదీ ఎక్కువ చెబుతాయి.

సింహపురి సేనాని (ఆదివారం సాయంత్రం)

పెన్నా గట్టు గారూ, మీరు లారీల గురించి మాట్లాడుతున్నారు, ఇది వేల ఏళ్ళ నాటి కల్పిత యంత్రం. 1987లో మొదలైన ఈ ఆటలోని లోకమంతా శిథిలం, మసి, తుప్పు. అందులో ఒక నైట్ కొత్త లారీలా మెరిస్తే ఆ లోకానికే అపచారం కాదా? తుప్పు కాస్త ఎక్కువైతే కొంప మునిగిందేమిటి?

చీమకుర్తి రాళ్ళు (ఆదివారం రాత్రి)

సేనాని గారి ప్రశ్నకు నా ఉద్యోగం జవాబు చెప్పగలదనుకుంటున్నాను. నేను గ్రానైట్ క్వారీలో యంత్రాల నిర్వహణ చూస్తాను. మా గుంతలో పనిచేసే పొక్లెయిన్ ఏ నైట్ కంటే తక్కువ కష్టపడదు. రోజంతా రాయిని కొట్టే ఆ యంత్రం మీద తుప్పు ఎక్కడుందో ఇవాళ పనిగట్టుకుని చూశాను. దాదాపు లేదు. బకెట్టు పళ్ళు అద్దంలా మెరుస్తున్నాయి, ఎందుకంటే రాయి వాటిని రోజూ ఉప్పుకాగితంలా రుద్దుతుంది (ఒంగోలు వారు క్షమించాలి). చైను పలకల మీద నేలను తాకే గట్లు వెండిలా ఉన్నాయి, వాటి మధ్య గుంటల్లో బూడిదరంగు రాతిపిండి గట్టిపడి ఉంది. హైడ్రాలిక్ కడ్డీ నిగనిగలాడుతోంది, అది లోపలికి వెళ్ళే సీలు దగ్గర మాత్రం గ్రీజు, దుమ్ము కలిసి నల్లని ఉంగరంలా పేరుకుంది. అదే ఆవరణలో రెండేళ్ళుగా మూలన పడేసిన పాత కంప్రెసర్ ఉంది. దాన్ని ముట్టుకుంటే తుప్పు రేకులు చేతికి వస్తాయి.

పనిచేసే యంత్రానికి దుమ్ము, జిడ్డు, మెరుపు ఉంటాయి. తుప్పు ఆగిపోయినదానికి పడుతుంది. మీ నైట్ ఇంకా నడుస్తున్నట్టయితే దాని మోకాలి కడ్డీ మీద తుప్పు ఉండకూడదు, అంత తుప్పు ఉంటే అది అడుగు తీసి అడుగు వేయలేదు.

ఒంగోలు ఉప్పుకాగితం (ఆదివారం రాత్రి)

రైలు పట్టా చూసినా ఇదే సంగతి. చక్రం ఆనే పైభాగం తళతళలాడుతుంది, రెండు పక్కలా గోధుమరంగు. ఒకే ఇనుము, ఒకే గాలి, ఒకే వాన.

ఉప్పుగాలి తగిలే చోట తుప్పు త్వరగా వస్తుందన్నది నిజమే, ఉప్పులోని క్లోరైడ్ ఇనుముకు శత్రువు. కొత్తపట్నం తీరాన ఇనుప కమ్మీలు చూస్తే తుప్పు సమంగా పరుచుకుని ఉండదు. బోల్టు కింద, వెల్డింగు అతుకు దగ్గర, నీరు నిలిచే కింది అంచున మొదలవుతుంది, పలక నడుమ రంగు ఏళ్ళ తరబడి నిలుస్తుంది. అక్కడి నుంచి కారే చార పైన ముదురుగా, సన్నగా ఉండి, కిందకు దిగే కొద్దీ పల్చబడి మాయమవుతుంది. సేనానికి తుప్పు కావాలంటే నాకేమీ అభ్యంతరం లేదు. నీరు ఎక్కడ నిలుస్తుందో చెప్పి, ఆ తర్వాత తుప్పు వేయమనండి.

గూడూరు అభ్రకం (సోమవారం ఉదయం)

దుమ్ము అన్నారు కాబట్టి నా అనుభవం చెబుతాను, ఎవరూ ఈ తప్పు చేయకుండా ఉంటారు. మా వైపు సైదాపురం దారిలో నేల మీద కూడా అభ్రకం రేకులు మెరుస్తాయి. ఊరి మట్టే కదా అని, వస్త్రకాయం పట్టకుండా జల్లెడతో సరిపెట్టి, బొమ్మ పాదాలకు, బేస్‌కు వాడాను. దగ్గరగా చూస్తే కల్యాణమంటపం దిష్టిబొమ్మకు చమ్కీలు అంటించినట్టుంది. ఉప్పుకాగితం గారి లెక్క ప్రకారం అర మిల్లీమీటరు కన్నా చిన్న రేకు కూడా అసలు కొలతలో రూపాయి బిళ్ళంత అద్దం. సముద్రపు ఇసుకదీ అదే తీరు, అర మిల్లీమీటరు ఇసుక రేణువు మన బల్ల మీద అంగుళం పైన కంకర రాయి అవుతుంది. కంకరగా వాడుకుంటే బ్రహ్మాండంగా ఉంటుంది, ఇసుకగా మాత్రం పనికిరాదు.

రెండో తప్పు ఇంకా ఖరీదైనది. ఆయిల్ రంగును పల్చన చేయడానికి హార్డ్‌వేర్ కొట్టులో "థిన్నర్" అని అడిగాను. వాళ్ళు ఇచ్చింది ఎన్‌సీ థిన్నర్, అంటే లక్కర్ రంగులకు వాడే ఘాటు ద్రావకం. కుంచెతో తొడ కవచం మీద పెట్టిన మరుక్షణం ఆక్రిలిక్ రంగు ముద్దయింది, దాని కింద ప్లాస్టిక్ బెల్లం పాకంలా మెత్తబడింది. రివెట్లు కరిగి నున్నగా అయిపోయాయి. మినరల్ టర్పెంటైన్ అని పూర్తి పేరు చెప్పి అడగండి, సీసా మీద చదివి తీసుకోండి, పనికిరాని ప్లాస్టిక్ చట్రం ముక్క మీద ఒక చుక్క వేసి చూడండి.

చీమకుర్తి రాళ్ళు (సోమవారం మధ్యాహ్నం)

చమ్కీల మాటకు బాగా నవ్వుకున్నాను. మా గెలాక్సీ గ్రానైట్ నలుపే అయినా, కోసినప్పుడు వచ్చే పిండి లేత బూడిదరంగులో ఉంటుంది, బొమ్మల మీద కాంక్రీటు దుమ్ముగా అద్భుతంగా కుదురుతుంది. ఎవరైనా వాడదలిస్తే ఒక హెచ్చరిక. రాతిపిండి ఊపిరితిత్తులకు మంచిది కాదు, అందులోని సిలికా వల్ల వచ్చే జబ్బును మా పనిలో కళ్ళారా చూస్తాం. తడిగానే తెచ్చుకోండి, తడిగానే కలపండి, పొడిగా ఊదకండి, మాస్కు లేకుండా జల్లించకండి. కొన్న పిగ్మెంట్ పొడికి కూడా మాస్కు పెట్టుకోవడమే మేలు.

కావలి కుంచె (సోమవారం రాత్రి)

అందరికీ ధన్యవాదాలు. కాళ్ళు, భుజాలు మళ్ళీ చేయాలని నిశ్చయించుకున్నాను. రెండు సందేహాలు. తెల్లబడిన వార్నిష్‌కు ఏదైనా మందు ఉందా, లేక అంతా గీకేయాలా? ఆయిల్ రంగులు ఇంతవరకు ముట్టుకోలేదు, కింద ఉన్న ఆక్రిలిక్‌ను అవి పాడు చేయవా?

ఒంగోలు ఉప్పుకాగితం (మంగళవారం ఉదయం)

గీకవద్దు. గాలిలోని తేమ ఆరుతున్న వార్నిష్‌లో చిక్కుకుని అలా పొగమంచులా కనిపిస్తుంది. పొడిగా ఉన్న రోజున పల్చగా నిగారింపు వార్నిష్ ఒక పూత వేస్తే చాలాసార్లు ఆ తెలుపు మాయమవుతుంది. అదే పూత నీ ఆయిల్ పనికి పునాదిగా కూడా పనికొస్తుంది. మందంగా పడిన మాట్ పొడి వల్ల వచ్చిన తెలుపైతే ఇంత సులువుగా పోదు, అయినా ముందు వీపు వైపు ప్రయత్నించు.

మన ప్రాంతంలో ఈ బాధ రెండు మొహాలతో వస్తుంది. ఈశాన్య రుతుపవనం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు కురిపిస్తుంది కాబట్టి ఆ నెలల్లో పొగమంచు. మే నెలలో పడమటి వడగాలికి, డబ్బా నుంచి బయలుదేరిన రంగు బొమ్మను చేరేలోపే ఆరిపోయి గరుకుగా, పిండి చల్లినట్టు పడుతుంది. ఎండాకాలంలో డబ్బాను కాస్త దగ్గరగా పట్టుకోవాలి, సముద్రపు గాలి తిరిగేలోపు పని ముగించాలి. వానాకాలంలో కుంచెతో వేసే వార్నిష్ వాడుకోవడమే క్షేమం. ఎయిర్ బ్రష్ ఉన్నవారు కంప్రెసర్ ట్యాంకు అడుగున చేరిన నీటిని పని మొదలుపెట్టే ముందే వదిలేయాలి. నేను మరిచిపోయిన ఒకే ఒక్క రోజున మూతి కవచం మీద నీటి చుక్క ఉమ్మింది.

రెండో సందేహానికి జవాబు: ఆక్రిలిక్ మీద వార్నిష్ ఒక పగలు, ఒక రాత్రి ఆరితే మినరల్ టర్పెంటైన్ దాన్ని ఏమీ చేయదు. పుస్తకాల కొట్లో దొరికే క్యామ్లిన్ ఆయిల్ ట్యూబుల్లో బర్న్ట్ అంబర్, బర్న్ట్ సియెనా, నలుపు, తెలుపు చాలు. వాటిని అట్టముక్క మీద గంటసేపు ఉంచితే అట్ట నూనెను పీల్చేసుకుంటుంది, రంగు మెరవకుండా మాట్‌గా ఆరుతుంది. బాగా పల్చన చేసి రివెట్టు మొదట్లో కుంచె మొన తాకిస్తే చాలు, రంగు దానంతటదే గాడి వెంట పాకుతుంది. నిగారింపు పూత ఉంటేనే అలా పాకుతుంది. మరకైతే అరగంట తర్వాత టర్పెంటైన్ తడి దూదిపుల్లతో తుడిచెయ్. తప్పు చేసి దిద్దుకునే తీరిక ఆక్రిలిక్‌లో లేదు, ఆయిల్‌లో ఉంది.

పెన్నా గట్టు (మంగళవారం ఉదయం)

చారలు దించేటప్పుడు ఒక్క జాగ్రత్త. భుజ కవచం విడిగా చేతిలో ఉంటుంది కదా, ఏది పైవైపో మరిచిపోతాం. నా మొదటి నైట్ భుజం మీద వాన నీరు అడ్డంగా కారింది! కవచం లోపలి వైపు టేపు ముక్క అంటించి, పైకి బాణం గుర్తు వేసుకోండి.

సింహపురి సేనాని (మంగళవారం రాత్రి)

తుప్పు వాదన వదులుకుంటున్నాను, రైలు పట్టా ముందు నోరు పెగలలేదు. కానీ ఆడేవాడిగా ఒక విన్నపం. పాదాలకు వేసే పొడి రంగును టర్పెంటైన్ చుక్కతో మాత్రమే నిలిపితే నాలుగు ఆటలకే వేళ్ళకు అంటుకుని పోతుంది. దాని మీద వార్నిష్ వేస్తే రాలదు గాని, రంగు తడిసిన మట్టిలా ముదురుతుంది. నేను పొడిని మాట్ వార్నిష్‌లోనే కలిపి బురదగా పూసి, చివరగా వేళ్ళు తగలని గుంటల్లో మాత్రమే పొడిగా వేస్తాను. బొమ్మను ఎప్పుడూ బేస్ పట్టుకునే ఎత్తండి. 170 మిల్లీమీటర్ల బేస్ ఇచ్చింది అందుకే అనుకుందాం.

కావలి కుంచె (మూడు వారాల తర్వాత, ఆదివారం)

ఆలస్యానికి మన్నించండి, ఎండ కోసం ఎదురుచూశాను. నిగారింపు పూతకు వీపు మీద తెలుపు పూర్తిగా పోయింది, ఎడమ తొడ మీద మాత్రం కొంచెం మిగిలింది, దాన్ని దుమ్ముగా మార్చేశాను. భుజ కవచాలకు మళ్ళీ రంగు వేశాను. ఈసారి వాటి మీద మొత్తం తొమ్మిది గీట్లు, అన్నీ ముందువైపు అంచుల్లోనే, ఒక్కొక్కదానిలో మూడు పొరలు.

ఎక్కువ సమయం తీసుకున్నది కుడి మోకాలు. దాని కోసం ఊళ్ళో రోడ్డు పని దగ్గర నిలిపిన జేసీబీ ముందు అరగంట నిలబడ్డాను, డ్రైవరు నన్ను అనుమానంగా చూశాడు. కడ్డీకి వెండి రంగు వేసి అలాగే వదిలేశాను. సీలు దగ్గర నలుపు, బర్న్ట్ అంబర్ కలిపి సన్నని ఉంగరం, దాని కింద ఒకే ఒక్క జిడ్డు చార. మోకాలి చిప్ప పైన నీరు నిలిచే పల్లంలో రెండు తుప్పు చుక్కలు, అవి సేనాని గారి కోసం. అరికాలి గట్లకు పొడి కుంచెతో ఉక్కు రంగు రుద్ది, గుంటల్లో చీమకుర్తి బూడిదరంగు దింపాను. రాయి పిండి కాదండీ, కొన్న పిగ్మెంటే.

ఫిరంగి గొట్టం కొసకు కాలిన రంగులు కూడా ప్రయత్నించాను. మా వీధి కమ్మరి తాత చెప్పిన వరస ఇది: ఉక్కు కాగుతుంటే ముందు గడ్డి పసుపు, తర్వాత గోధుమ, ఊదా, ఆపైన నీలం. నీలం వేడికి దగ్గరగా, పసుపు దూరంగా ఉండాలట. నేను తిరగేసి వేశానని ఆయనకు ఫొటో చూపించాకే తెలిసింది.

చీమకుర్తి రాళ్ళు (ఆదివారం)

తాత మాట అక్షరాలా నిజం. పసుపు సుమారు 230 డిగ్రీల దగ్గర, నీలం 300 దగ్గర వస్తాయి. సీలు దగ్గరి ఉంగరం చూసి మా మెకానిక్ "ఇది కారుతోంది, మార్చాలి" అన్నాడు.

ఒంగోలు ఉప్పుకాగితం (ఆదివారం)

గొట్టం మీద ఆయిల్ ఇంకా పూర్తిగా ఆరి ఉండదు. టర్పెంటైన్ తడి దూదిపుల్లతో తుడిచి, ఈ రాత్రే తిరిగి వెయ్ తమ్ముడూ.

కావలి కుంచె (ఆదివారం రాత్రి)

తుడిచానండీ. మళ్ళీ వేశాను, ఈసారి నీలం మూతి దగ్గరే ఉంది. మా అమ్మ చూసి దీన్ని టీవీ పక్కన పెట్టమంది, అయితే అక్కడ ఫ్యాను దుమ్ము పడుతుంది. ఆ దుమ్ము ఏ కొలతకూ సరిపోదు కాబట్టి గాజు పెట్టె వెతుకుతున్నాను.